రెండో రేకు

మా వీధిలో మేక గొడవ ఒక మంగళవారం మధ్యాహ్నం మొదలైంది. విచిత్రమేమిటంటే, మా వీధిలో మేక లేదు. ఎప్పుడూ లేదు.

"అది మా పుట్టింటి మేకక్కా! తెల్లటిది, నుదుటి మీద నల్ల మచ్చ. బయట వాన కురుత్తుంటే చావిట్లోకొచ్చి గోడమీద క్యాలెండరు తినేసింది. ఆగస్టు దాకా తినేసింది!" అంది నా తోడికోడలు నూకరత్నం.

ఎదురింటి వరహాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీ పుట్టింట్లో మేకెక్కడిదే? అది మాది. దాని పేరు గౌరి. క్యాలెండరు తిన్నందుకు మా నాన్న దాన్ని కొట్టబోతే నేను అడ్డం పడ్డాను."

"గౌరా? మేక్కి గౌరని పేరెట్టుకుంటారా ఎవరన్నా?"

ఇంతలో ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ మేక వాళ్లదట. సాయంత్రానికల్లా ఎనిమిదిమంది ఆడవాళ్లు ఒకే మేక కోసం గొంతులు చించుకుంటున్నారు. ఎనిమిదిమందికీ అదే మచ్చ, అదే వాన, అదే ఆగస్టు. నేను అరుగు మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుతున్నాను. నా పక్కన కూర్చున్న నూకరత్నం కూతురు ప్రసూన మాత్రం నవ్వడం లేదు. దాని చేతిలో పెన్ను ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ఊట గురించి చెప్పాలి.

మాది ఆత్రేయపురం పక్కన, పూతరేకులు తీసే వీధి. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బట్టని బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతాం. చిటికె వేసేంతలో కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. నలభై ఏళ్లు నాకు తెలిసిన కాగితం అదొక్కటే. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, ఫోనులో పాఠాలు వింటూ అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం వచ్చాక రాయాలనిపించింది. రాయడానికి కూర్చుంటే ఏమీ తోచలేదు.

నెట్‌లో వెతికాను. కథకి వస్తువు దొరకనివాళ్ల కోసం బోలెడు పట్టికలున్నాయి. "తెలియని మనిషి మీ తలుపు తట్టాడు. ఏం జరిగింది?" మా ఇంటి తలుపు ఎవరూ తట్టరు, నేరుగా వంటింట్లోకే వస్తారు. "అటక మీద మీ అమ్మమ్మ రాసిన ఉత్తరం దొరికింది." మా అమ్మమ్మకి సంతకం కూడా రాదు. ఇలా నేను సణుగుతుంటే ప్రసూన విని నవ్వింది. "పెద్దమ్మా, నీలాంటివాళ్ల కోసమే మేమొకటి తయారుచేస్తున్నాం" అంది.

ప్రసూన రాజమహేంద్రవరంలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. వాళ్లు తయారుచేస్తున్నదాని పేరే ఊట. నుదుటికి కట్టుకునే పట్టీ ఒకటి ఉంటుంది. దేని గురించి రాయాలనుకుంటున్నామో ఒక్క మాట చెబితే చాలు. నెట్‌లో ఉన్న పాత ఫొటోలు, గొంతులు, వీడియోలు, జనం రాసుకున్న కబుర్లు అన్నింటినీ జల్లెడపట్టి, అందులో మనసుకి బాగా పట్టే ఒక్క తలపుని తీసి పట్టీ గుండా తలలోకి వదులుతుంది. చదివినట్టు ఉండదు, చూసినట్టు ఉంటుంది. వాసనతో సహా.

శనివారం మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్లం తొమ్మిదిమంది సంఘం గదిలో చేరి, రాత వచ్చినవాళ్లం రాస్తూ, రానివాళ్లం చెప్పి రాయించుకుంటూ ఉంటాం. చదువుకున్న రచయితల మీద పరీక్షలు అయిపోయాయి, మామూలు మనుషుల మీద చూడాలని ప్రసూన పట్టీలు మా గదికి తెచ్చింది. ఇచ్చిన మాట "వాన". గంటలో కథలన్నీ తయారు. ప్రయోగం బ్రహ్మాండంగా ఉందని ప్రసూన వాళ్ల పెద్ద మేడం వింధ్యావళిగారికి ఫోన్ చేసి చెప్పింది. వచ్చేనెల ఒకటో తారీఖున ఊటని రాష్ట్రమంతా తెరవబోతున్నారు. పేర్లు ఇచ్చుకున్నవాళ్లే పదివేలమంది.

అది శనివారం. మంగళవారానికి మేక గొడవ.

కథ కోసం తీసుకున్న తలపు మూడు రోజుల్లో వేరు పట్టేసింది. ఎవరిదో మేక. ఎక్కడో ఎవరో నెట్‌లో పెట్టిన జ్ఞాపకం. ఇప్పుడది వీళ్ల చిన్నతనమైపోయింది.

ప్రసూన లేచి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. "అమ్మా" అంది. "నాన్నకి మీసాలుండేవా?"

నూకరత్నం మేకని మధ్యలో వదిలేసి తిరిగింది. "మీసాలా? మీ నాన్నకా? మూతి మీద ఈగ వాలితేనే చిరాకు ఆయనకి. రెండ్రోజులకోసారి గీయించుకునేవోడు."

"సైకిలు?"

"సైకిలేటే! పెళ్లైన కొత్తలో నన్ను వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్లి కాలవలో దింపాడు. పట్టుచీర పోయింది. ఆ రోజు మొదలు సైకిలు కనపడితే గోడకి అంటుకుపోయేవోడు. వెయ్యిసార్లు చెప్పాను కదే!"

"చెప్పావు. నవ్వాను కూడా. కానీ నాకు..." ప్రసూన అరుగు మీద కూలబడింది. "నాకు ఏటిగట్టు కనిపిస్తుందమ్మా. సైకిలు బారు మీద నేను. గంట కొడుతున్నాను. వెనకనుంచి నాన్న మీసాలు నా మాడుకి గుచ్చుకుంటున్నాయి. ఇన్నాళ్లూ అది నాన్నే అనుకున్నాను."

మేక గొడవ ఆపి అందరూ ప్రసూన చుట్టూ చేరారు. నాలుగు నెలల కిందట, ఊటని మొట్టమొదట తన మీదే పరీక్షించుకుందట. అడిగిన మాట "నాన్న".

మా మరిది సూర్యచంద్రం జ్వరంతో పోయేనాటికి ప్రసూనకి ఐదేళ్లు. ఉన్నది ఒక్క పెళ్లి ఫొటో, అదీ వరదలో తడిసి మొహాలు కారిపోయాయి. ఆ పిల్లకి నాన్న అంటే తలలో ఉన్న నాలుగు తునకలే.

"ఇప్పుడు ఆ నాలుగూ కనిపించడం లేదు పెద్దమ్మా. మీసాలాయనే అడ్డంగా కూర్చున్నాడు. అబద్ధమని తెలుసు. అయినా లేవడు. ఆయన కింద మా నాన్న ఉన్నాడో, పూర్తిగా చెరిగిపోయాడో నాకు తెలీదు."

నూకరత్నం ఒక్కక్షణం కూతుర్ని చూసి, చీర కొంగు బిగించింది. "ఎవడాడు? మా ఇంట్లో ఆయన చోట్లో కూర్చోడానికి ఎవడసలు ఆడు?"

ఆ కోపానికి ప్రసూనకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

నేను అప్పుడడిగాను. "అవునే, మరి నాకు మేక ఎందుకు లేదు?"

ప్రసూన కళ్లు తుడుచుకుని తన పుస్తకం తిరగేసింది. నిజమే. తొమ్మిది కథల్లో నాది ఒక్కటే మేక లేనిది. వానకి పొయ్యి తడిసి మూడు రోజులు రేకులు తీయలేక, అందరం ఒక గదిలో కూర్చుని పేకాడిన సంగతి రాశాను.

"నీకు మేక రాలేదా?"

"వచ్చింది. క్యాలెండరు తింటూనే వచ్చింది. మొదటిది కదా అని వదిలేశాను."

"వదిలేయడమేంటి?"

"మొదటి రేకు ఎవరన్నా వాడతారా? కుండ ఇంకా కుదురుకోదు. అది తీసి పక్కన పడేసి, నూనెగుడ్డతో తుడిచి, రెండోది మొదలెడతాం. అలాగే పట్టీ తీసి, తలకి ఇంకాస్త నూనె రాసుకుని, మళ్లీ కట్టుకున్నాను."

"ఇంకాస్త నూనె?"

"ముందు కూడా రాసుకున్నాను మరి. నుదుటికీ, కణతలకీ. నూనె రాయకుండా కుండ మీద బట్ట వేస్తే రేకు అంటుకుపోదూ?"

ప్రసూన నా వైపు అదోలా చూసింది. పట్టీ కట్టుకునే ముందు నుదురు పొడిగా తుడుచుకోవాలని అది మా అందరికీ రెండుసార్లు చెప్పింది. చెప్పి ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లింది. నేను బొడ్లోంచి నూనె సీసా తీశాను.

"ఆ మేక ఎలా కనిపించింది పెద్దమ్మా? గట్టిగా, ఎదురుగా ఉన్నట్టా?"

"లేదే. పల్చగా. దాని వెనక మన సంఘం గది గోడ కూడా కనిపించింది."

ప్రసూన లేచి నిలబడింది. "ఆరు నెలలుగా మేమందరం ఆ పట్టీ ఇంకా గట్టిగా అంటుకోవడానికి కష్టపడుతున్నాం" అని, వింధ్యావళిగారికి ఫోన్ కలిపింది. ఒకటో తారీఖున తెరవడానికి వీల్లేదని మొదటి మాటగానే చెప్పేసింది. అవతల ఆవిడ ఏమందో వినపడలేదు కానీ, ప్రసూన మాత్రం "మేడం, మా అమ్మ ఒక మేక కోసం ఎదురింటావిడతో గొడవ పడుతోంది. ఆ మేక ఎక్కడిదో ఎవరికీ తెలీదు. పదివేలమందికి ఇవ్వమంటారా?" అంది. తర్వాత చాలాసేపు వింటూ కూర్చుంది. చివరికి, "దీన్ని సరిచేయడానికి వారం గడువిచ్చారు" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు నన్నూ నా నూనె సీసానీ కారెక్కించి తీసుకెళ్లింది.

ప్రయోగశాల అంటే ఏదో అనుకున్నాను. మంచులాంటి చల్లగది, పదిమంది కుర్రపిల్లలు, గోడ నిండా తెరలు. ఆ చలికి నా సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టేసింది. అరచేతుల్లో కరిగించి, పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లని వరసగా కూర్చోబెట్టి తలంటినట్టు రాశాను. వింధ్యావళిగారు కూడా కళ్లద్దాలు తీసి తల వంచింది. బాగా పొడుగు మనిషి, నవ్వడం తెలియనట్టుంటుంది. నూనె రాస్తుంటే కళ్లు మూసుకుని, "మా అమ్మ పోయాక నా తలకి ఇంకెవరూ నూనె రాయలేదమ్మా" అంది. ఆ మాటకి ఇంకాస్త ఎక్కువే రాశాను.

తెరల మీద గీతలు పడ్డాయి. పొడి నుదురు మీద పట్టీ బలం పది వంతులైతే, నూనె మీద ఒక వంతేనట. తలపు వస్తుంది, ఒక పొరలా నిలబడుతుంది, దాని వెనక మనది మనకి కనిపిస్తూనే ఉంటుంది. కాసేపటికి ఆరి, లేచిపోతుంది. మూడు రోజులు ఆగి అందర్నీ అడిగారు. ఎవరికీ ఏదీ వేరు పట్టలేదు. పైగా, అడిగిన మాట "అరటిపండు" అయితే, పదిమందీ పది రకాల సంగతులు చెప్పారు. ఊట ఇచ్చిన పండు ఒక్కటే. దాని వెనక కనపడిన ఇళ్లు పది.

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసూన కూడా కొట్టింది. తర్వాత నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "కొత్తవాళ్ల సంగతి సరే పెద్దమ్మా. అంటుకుపోయినదాన్ని ఏం చేస్తారు మీరు?"

"గోకకూడదు" అన్నాను. "గోకితే కుండ పైపొర లేచిపోతుంది, ఇక అది రేకులకి పనికిరాదు. అంటుకున్నదాని మీదే ఇంకో పూత వేయాలి. పల్చగా, సరిగ్గా దాని కొలతకే. అది ఆరుతుండగా అంచు పట్టుకుని లేపితే రెండూ కలిసి వచ్చేస్తాయి. కింద కుండ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది."

ప్రసూన ఆ మాటల్ని పుస్తకంలో రాసుకుంది. "దాని కొలతకి అంటే, నాన్నే కావాలి" అంది. "ఈసారి నెట్‌లోది కాదు. చూసినవాళ్లు రాసింది కావాలి. ఊటలో అదొక్కటే పోసి, నూనె మీద పెట్టుకుంటాను."

"కుదరకపోతే?"

"అప్పుడు ఇద్దరు నాన్నలు కలిసి అంటుకుంటారు. లేదా ఆ కింద అసలేమీ లేదని తెలుస్తుంది." నవ్వడానికి చూసింది కానీ నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక నూకరత్నం, "నేను చెబుతాను, నువ్వు రాసుకో అక్కా" అని పీట వేసుకు కూర్చుంది. సైకిలు, కాలవ, పట్టుచీర. చెప్పీ చెప్పీ ఆ కథ నున్నగా అరిగిపోయి ఉంది. ప్రసూన తల ఊపింది. "అది నువ్వు చెప్పగా విన్నదమ్మా. నేను పుట్టకముందుది. నేను ఉన్నప్పటిది కావాలి."

నూకరత్నం తల గోక్కుంది. "ఏమోనే. రోజూ ఉండేవోడు. రోజూ ఉన్నోడి గురించి ఏం చెబుతాం?"

నా కష్టం కూడా అదే. కాగితం ముందు కూర్చుంటే మరిది మంచివాడు, నెమ్మదస్తుడు అని రెండు ముక్కలు వచ్చి ఆగిపోయాయి. ఆ కాగితం పడేశాను. ఫోను తీసి నెట్‌లో సూర్యచంద్రం అని కొట్టాను. సూర్యుడి బొమ్మలు, చంద్రుడి బొమ్మలు వచ్చాయి. నాన్న అని కొట్టాను. వరసగా మీసాలు. ఆ మీసాలాయన ఎక్కణ్ణించి వచ్చాడో అప్పుడర్థమైంది. 

ఇంక మనుషుల్ని వెతకడం మానేసి, చప్పుళ్లు వెతికాను. ఈ మధ్యే తెలిసింది, నెట్‌లో చప్పుళ్లు దాచిపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాన చప్పుడు, రంపం చప్పుడు, పిండిమర చప్పుడు. కొబ్బరాకు మంట అని అడిగితే ఒక్కటి దొరికింది. ఎక్కడో సముద్రంలో దీవిలో ఉండే మనిషెవరో మూడు నిమిషాలు పట్టి పెట్టాడు. నొక్కాను. చిటపటమని అంటుకుని, బుస్సుమని లేచి, మళ్లీ చిటపట.

పెరట్లోంచి నూకరత్నం పరిగెత్తుకొచ్చింది. "ఎవరే నా పొయ్యి ముట్టించింది?"

పొయ్యి చల్లగానే ఉంది. ఇద్దరం ఫోను వైపు చూశాం. నూకరత్నం గుమ్మంలోనే నిలబడిపోయి వింది.

"ఆకు ఎక్కువ పెట్టేశాడక్కా" అంది మెల్లగా. "అలా బుస్సుమంటే ఆకు ఎక్కువైనట్టే. నేను తిట్టేదాన్ని. ఆయన ఏ పాటో తీసేవోడు."

"పాటా అది?" అన్నాను. "దూడ అరిచినట్టుండేది."

అంతే. అక్కణ్ణించి ఇద్దరం ఆగలేదు. చప్పుడు అయిపోతే మళ్లీ నొక్కుతూ, అది ఒకటంటే నేను ఒకటంటూ సాయంత్రం దాకా కూర్చున్నాం. మర్నాడు పొద్దున్నే రెండు కాగితాలు రాశాను. నూకరత్నం రేకులు తీస్తుంటే సూర్యచంద్రం పీట మీద కూర్చుని ఆకు ఎగదోసేవాడు. మధ్యాహ్నం అంగన్‌వాడీ వదిలే వేళకి ఉన్నపళంగా లేచి, మసి చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లి, పిల్లని భుజాల మీద ఎక్కించుకుని వచ్చేవాడు. దారిలో దూడ పాట. చొక్కా జేబులో విరిగిన రేకు ముక్కలు, బెల్లం పొడి. ఇంటికొచ్చేసరికి జేబు ఖాళీ, పిల్ల మూతి నిండా బెల్లం. నూకరత్నం ఇద్దర్నీ తిట్టేది. అంతే రాశాను. మంచివాడు అనే మాట ఎక్కడా రాయలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లోనే పెట్టుకుంది ప్రసూన. వింధ్యావళిగారు తెర పట్టుకుని కింద చాప మీద కూర్చుంది. నేను నూనె రాశాను. చెవుల మీదుగా కారేలా రాశాను.

"ఏటక్కా, పిల్లని వేపుడు చేత్తావా?" అంది నూకరత్నం. అంటూనే పిల్ల పక్కకి జరిగి కూర్చుంది.

పట్టీ కట్టారు. మొదటిసారి వచ్చింది వదిలేయమన్నాను. వదిలేసింది. మళ్లీ నూనె, మళ్లీ పట్టీ. ప్రసూన కళ్లు మూసుకుంది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దాని పెదవి ఒక పక్కకి లేచింది. "దూడ" అంది. నవ్వింది. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది.

"ఉన్నట్టుండి తీయొద్దు" అన్నాను. "ఆరనివ్వు. అంచు చూసుకో."

ప్రసూన వేళ్లు గాల్లో కదిలాయి, రేకు అంచు పట్టుకున్నట్టే. పుట్టి పెరిగింది ఈ వంటింట్లోనే కదా, చేతులకి తెలుసు. తర్వాత పట్టీ తానే తీసేసింది.

"వెళ్లిపోయాడు" అంది. "మీసాలాయన. సైకిలు తొక్కుకుంటూ. పాపం, మంచివాడే."

"ఆడి సంగతి నాకెందుకే! మీ నాన్న?"

ప్రసూన మళ్లీ కళ్లు మూసుకుంది. నూకరత్నం పట్టుకున్న నా చెయ్యి నొప్పి పుడుతోంది. నేను రాసిన నాన్న వచ్చి వెళ్లిపోయుంటాడు, పల్చటి రేకు కదా. కింద ఏముందన్నదే ప్రశ్న.

ప్రసూన రెండు చేతులూ తన తల పైకెత్తి, గాల్లో దేన్నో పట్టుకుంది. నెమ్మదిగా కళ్లు తెరిచి ఆ చేతుల వైపు చూసుకుంది.

"చెవులు" అంది. "పైన కూర్చుని నాన్న చెవులు పట్టుకునేదాన్ని. ఒకటి వేడిగా ఉండేది పెద్దమ్మా. ఎడమది. కుడిది చల్లగా. అందుకని ఎడమ చెవి పట్టుకుని వదిలేసేదాన్ని, మళ్లీ పట్టుకునేదాన్ని."

వింధ్యావళిగారు నా రెండు కాగితాలూ తీసి చూసింది. రెండుసార్లు చూసింది. "ఇందులో చెవుల సంగతి లేదు" అంది.

లేదు. నేను రాయలేదు. నాకు తెలీదు. నూకరత్నానికీ తెలీదు. పొయ్యి తూర్పు గోడకి, గుమ్మం దక్షిణాన ఉంటాయి, ఆయన పీట గుమ్మానికి ఎదురుగా ఉండేది, అంగన్‌వాడీ వదిలితే కనపడాలని. అంటే మంట ఎప్పుడూ ఎడమవైపే. పొయ్యి దగ్గర్నించి నేరుగా లేచి వెళ్లేవాడు కాబట్టి ఆ వేడి పోయేది కాదు. ఇదంతా ఆ తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే తెలిసింది. ఆ చెవి పట్టుకున్న ఐదేళ్ల పిల్లకి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలిసే సంగతి కాదు.

ప్రసూన ఏడుస్తూ నవ్వుతూ నూనె వేళ్లతో గీతలు చూపించబోయి, వింధ్యావళిగారి తెర నిండా నూనె పూసేసింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది. కాసేపు నా పక్కన కూర్చుని, ఊట పట్టీ పెట్టెలో ఒక చిన్న నూనె సీసా కూడా పెట్టాలని, దాని మీద ఏం రాయాలో నన్నే రాసిమ్మని అడిగింది. "మొదటిది వదిలేయండి" అని రాసిచ్చాను. ఊట రెండు నెలలు ఆలస్యంగా తెరిచారు. మా వీధి ఆడవాళ్ల మేకని కూడా లేపేస్తానని ప్రసూన ఇల్లిల్లూ తిరిగింది. ఎనిమిదిమందీ ఒప్పుకోలేదు. ఎవరిదైతేనేం, గౌరి మంచి మేక, ఉండనివ్వమన్నారు. 

ఆ ఆదివారం మాత్రం, అందరూ భోజనాలకి లేచాక నూకరత్నం వంటింట్లోనే ఉండిపోయింది. పిలుద్దామని వెళ్లాను. పొయ్యి ముట్టించి ఉంది. పైన కుండ లేదు. పీట గుమ్మానికి ఎదురుగా లాక్కుని, ఆయన కూర్చున్నట్టే కూర్చుని, ఒక్కో ఆకూ ఎగదోస్తోంది. నన్ను చూసి, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"నిజమేనక్కా" అంది. "వేడిగానే ఉంది."